రోజూ తిరిగే స్పోర్ట్స్ కారుకి స్టీల్ బ్రేక్ హోస్‌లు: ఏం చూసి కొనాలి?

రెండుసీట్లోడు
నాది రెండో తరం మాజ్డా ఎంఎక్స్-5. బ్రేక్ హోస్‌లు (చక్రాల దగ్గరికి బ్రేక్ ఆయిల్ తీసుకెళ్లే వంగే గొట్టాలు) నాలుగూ కారుతో పాటు వచ్చిన రబ్బరువే. పెడల్ మొదట కొంత దూరం ఊరికే దిగిపోతుంది, తర్వాత పట్టుకుంటుంది, ఆ పట్టు కూడా మెత్తగానే ఉంటుంది. ప్యాడ్లు కొత్తవి, ఆయిల్ కూడా ఈమధ్యే మార్పించాను. ఇక మిగిలింది హోస్‌లే కదా అని స్టెయిన్‌లెస్ స్టీల్ అల్లికవి చూడటం మొదలుపెట్టాను. తల తిరిగిపోయింది. ఒకడు లోపల టెఫ్లాన్ గొట్టం అంటాడు, ఒకడు అమెరికా డాట్ ముద్ర అంటాడు, ఇంకొకడు జర్మనీ టీయూవీ సర్టిఫికెట్ అంటాడు. ఫొటోల్లో మాత్రం అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. రోజూ నడిపే కారు, ఎప్పుడైనా ట్రాక్ మీదికి తీసుకెళ్తాను. ఏది చూసి కొనాలి? ఏ రంగు బాగుంటుందని మాత్రం అడగడం లేదు.

గేర్లమారి
అడగకపోయినా చెప్తా. ఎరుపు. కనీసం ఐదు హార్స్‌పవర్ పెరుగుతుంది.

రబ్బరువాది
కంపెనీ రబ్బరు హోస్‌లు కొత్తవి నాలుగు తెచ్చి వేయించు, ఆయిల్లో చిక్కిన గాలి శుభ్రంగా తీయించు, అయిపోయింది. స్టీల్ వేసినవాళ్లంతా "అబ్బో, పెడల్ రాయిలా అయింది" అంటారు. వాళ్లు పీకేసింది ఏళ్ల తరబడి నానిపోయిన రబ్బరు. దాని బదులు కొత్త రబ్బరు వేసినా సగానికి పైగా అదే తేడా కనిపించేది. కొత్త రబ్బరుని కొత్త స్టీల్‌తో పోల్చినవాడు ఈ వేదికలో ఎవరైనా ఉన్నారా?

ట్రాక్‌పిచ్చి
ఉన్నాను. నా హోండా ఎస్2000కి ముందు కొత్త కంపెనీ రబ్బరు వేశాను, తర్వాతి సీజన్‌లో స్టీల్‌కి మారాను. ప్యాడ్లు అవే, ఆయిల్ రకం అదే. తేడా ఉంది. కాకపోతే అమ్మేవాళ్లు చెప్పినంత లేదు. ఊళ్లో నడిపేటప్పుడు దాదాపు తెలియదు. ట్రాక్ మీద గట్టిగా బ్రేక్ పట్టి, మలుపులోకి వెళ్తూ మెల్లగా వదిలేటప్పుడు కాలికి కచ్చితత్వం తెలుస్తుంది. నాకు అది చాలు. రబ్బరువాది గారు చెప్పిన "సగానికి పైగా" అన్న మాటతో మాత్రం నాకు పేచీ లేదు.

కొత్తక్లచ్
చిన్న డౌట్. ఇవి వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందా?

బోల్టునట్టు
ఆగదు. చక్రం లాక్ అయ్యేదాకా, అంటే ఏబీఎస్ పనిచేయడం మొదలయ్యేదాకా నీ పాత బ్రేకులు తీసుకెళ్లగలిగితే, ఆ తర్వాత ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరు. హోస్ మార్చితే మారేది పెడల్ ప్రయాణం, కాలికి తెలిసే తీరు. దూరం తగ్గాలంటే ముందు టైర్ల మీద ఖర్చు పెట్టు.

కొత్తక్లచ్
మరి "ఆగే దూరం తగ్గిస్తుంది" అని ప్యాకెట్ మీదే రాస్తున్నారే?

గేర్లమారి
బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా చాలా రాస్తారు.

హైడ్రాలిక్ అక్క
రబ్బరువాది గారి మాటకి కొన్ని అంకెలు జోడిస్తా. అమెరికాలో బ్రేక్ హోస్‌లకి ఎఫ్ఎంవీఎస్ఎస్ 106 అనే ప్రమాణం ఉంది. డాట్ ముద్ర వెనక ఉన్నది అదే. అందులో హైడ్రాలిక్ హోస్‌లని రెండు రకాలు చేశారు: మామూలుగా ఉబ్బేవి హెచ్‌ఆర్, తక్కువ ఉబ్బేవి హెచ్‌ఎల్. లోపలి వ్యాసం ఒక అంగుళంలో ఎనిమిదో వంతు, లేదా అంతకన్నా తక్కువ ఉన్న హోస్ 1000 పీఎస్ఐ పీడనం దగ్గర అడుగు పొడవుకి ఎంత ఉబ్బవచ్చంటే, హెచ్‌ఆర్‌కి గరిష్ఠంగా 0.66 ఘన సెంటీమీటర్లు, హెచ్‌ఎల్‌కి 0.33.

ఇప్పుడు లెక్క. నాలుగు హోస్‌లు, ఒక్కోటి ఇంచుమించు అడుగు అనుకుందాం. హెచ్‌ఆర్ పరిమితి దాకా ఉబ్బితే మొత్తం 2.6 ఘన సెంటీమీటర్ల ఆయిల్ అందులోనే ఉండిపోతుంది. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) వ్యాసం 22 మిల్లీమీటర్లయితే దాన్ని నింపడానికి పిస్టన్ దాదాపు 7 మిల్లీమీటర్లు కదలాలి. పెడల్ నిష్పత్తి, అంటే పిస్టన్ కదిలే దూరానికి పాదం కదిలే దూరం, నాలుగు రెట్లనుకుంటే పాదం దగ్గర 27, 28 మిల్లీమీటర్లు. హెచ్‌ఎల్ అయితే అందులో సగం. ఇవి ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ హద్దులు. మంచి కొత్త రబ్బరు హోస్ ఆ హద్దుకి చాలా కిందే ఉంటుంది. అందుకే కొత్త రబ్బరుకీ స్టీల్‌కీ మధ్య మిగిలే తేడా చిన్నది. ట్రాక్‌పిచ్చికి ట్రాక్ మీదే తెలిసిందంటే ఆశ్చర్యం లేదు.

రబ్బరువాది
అక్క నా పక్షం. కేసు కొట్టేశారు.

హైడ్రాలిక్ అక్క
పక్షం ఏమీ లేదండీ, నా కారుకి ఉన్నవి స్టీల్‌వే. టెఫ్లాన్ గొట్టంలోంచి తేమ లోపలికి పోవడం రబ్బరుతో పోలిస్తే చాలా తక్కువ, పైగా ఏళ్లు గడిచినా దాని ఉబ్బు రబ్బరులా పెరగదు. అలాగని ఆయిల్ మార్చడం మానేయకండి. తేమ వచ్చే దారులు ఇంకా ఉన్నాయి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. ట్రాక్ మీద పెడల్ నేలకి దిగిపోయిన కేసుల్లో చాలావాటికి కారణం మరిగిన ఆయిలే. హోస్‌ని తిట్టి లాభం లేదు.

పానా_పట్టు
అందరూ ఆగండి. రెండుసీట్లోడు తమ్ముడూ, అసలు జబ్బు ఏంటో తేలకుండా మందు కొంటున్నావు. "మొదట ఊరికే దిగిపోతుంది" అన్నావు కదా. హోస్ ఉబ్బితే అలా ఉండదు. ఉబ్బు పీడనంతో పెరుగుతుంది, అంటే నువ్వు గట్టిగా తొక్కేకొద్దీ మెత్తదనం తెలియాలి. మొదట్లోనే ఖాళీగా దిగితే అది ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య సందు.

నీ తరం ఎంఎక్స్-5 వెనక కాలిపర్లలో (ప్యాడ్లని డిస్క్ మీద నొక్కే భాగాలు) హ్యాండ్ బ్రేక్ ఏర్పాటు లోపలే ఉంటుంది, దాన్ని చేత్తో సర్దాలి. కాలిపర్ వెనక ఒక మూత బోల్ట్ ఉంటుంది, 14 నంబరు పానాతో వస్తుంది. అది తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల అల్లెన్ కీ పట్టే స్క్రూ. ప్యాడ్ డిస్క్‌ని పట్టుకునేదాకా బిగించి, చక్రం ఫ్రీగా తిరిగేంత వెనక్కి వదలాలి. కొత్త ప్యాడ్లు వేసినవాళ్లు చాలామంది దీన్ని ముట్టుకోరు. ముందు అది చూడు.

తర్వాత ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా పెడల్ రెండు మూడు సార్లు వరసగా కొట్టు. కొట్టేకొద్దీ పైకొచ్చి గట్టిపడితే సందైనా ఉంది, లోపల గాలైనా ఉంది. తొక్కిపట్టి ఉంచితే మెల్లగా కిందికి జారిపోతుంటే, బయట లీక్ కూడా లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు. ఎన్నిసార్లు కొట్టినా ఒకే ఎత్తులో, ఒకే మెత్తదనంతో ఉంటే అప్పుడు హోస్‌ల మాట మాట్లాడదాం.

నీలిరంగు_హ్యాచ్
హోస్‌లు పైకి బాగున్నాయని వదిలేయొద్దు కూడా. నా కారు బ్రేక్ వదిలాక కూడా ఎడమ పక్కకి లాగేది, ఆ చక్రం చేయి పెట్టలేనంత వేడెక్కేది. ఒక గ్యారేజీలో కాలిపర్ పోయిందని కొత్తది వేశారు. మళ్లీ అదే కథ. ఇంకోచోట చూపిస్తే, హోస్ లోపలి రబ్బరు పొర ఊడి మడత పడిందని తేలింది. తొక్కితే ఆయిల్ వెళ్తుంది, వదిలితే వెనక్కి రాదు. బయట ఒక్క పగులు లేదు.

రబ్బరువాది
అది రబ్బరు తప్పు కాదు, వయసు తప్పు.

గేర్లమారి
మా ఇంట్లో కూడా ఇదే వాదన నడుస్తోంది, నా మోకాలి గురించి.

మౌనవీక్షకురాలు
ఎన్నాళ్లుగానో చదవడమే, మొదటిసారి రాస్తున్నా. పానా_పట్టు గారూ, ఏ మూల మెత్తగా ఉందో తెలుసుకోవడానికి హోస్‌లని క్లాంప్‌తో నొక్కి చూడొచ్చంటారు. నిజమేనా?

పానా_పట్టు
నిజమే అమ్మా. రబ్బరు హోస్‌ల కోసమే గుండ్రటి అంచుల క్లాంప్‌లు దొరుకుతాయి. నాలుగూ బిగించి పెడల్ తొక్కితే గట్టిగా ఉండాలి. లేకపోతే తప్పు పైన, మాస్టర్ వైపు ఉంది. గట్టిగా ఉంటే ఒక్కోటీ వదులుతూ పో. ఏది వదిలినప్పుడు పెడల్ మెత్తబడిందో ఆ మూలలో గాలి, హోస్, కాలిపర్ చూడాలి. మామూలు ప్లయర్‌తో మాత్రం నొక్కొద్దు. క్లాంప్ కూడా రబ్బరుకి మంచిది కాదనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటా కొట్టిపారేయలేం. తమ్ముడు ఎలాగూ ఆ హోస్‌లు తీసేయబోతున్నాడు కాబట్టి భయం లేదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. స్టీల్ అల్లిక హోస్‌ని ఎప్పుడూ నొక్కకూడదు, మడవకూడదు, దాని మీద కాలిపర్‌ని వేలాడదీయకూడదు. లోపలి టెఫ్లాన్ ఒకసారి నలిగితే ఆ నొక్కు అలాగే ఉండిపోతుంది. అల్లిక కింద అది కంటికి కనబడదు.

బోల్టునట్టు
ఇక అసలు ప్రశ్నకి వద్దాం, ఏది చూసి కొనాలి అని.

ముందు డాట్ ముద్ర. అమ్మకం పేజీలో "డాట్ అప్రూవ్డ్" అని రాస్తే అది చెల్లని మాట. అమెరికా రవాణా శాఖ ఎవరి హోస్‌నీ పరీక్షించి ఆమోదించదు. తయారీదారే పరీక్షలు చేసి, ప్రమాణానికి సరిపోతుందని తన పూచీ మీద ముద్ర వేసుకుంటాడు. ఊరికే వేసుకుంటే చట్టం ముందు నిలబడాలి, కాబట్టి దానికి విలువ ఉంది. ఆ విలువ ఎంత అనేది తయారీదారు ఎవరన్నదాన్ని బట్టి. ముద్ర హోస్ మీదో, దానికి చుట్టిన పట్టీ మీదో ఉండాలి. డబ్బా మీద ఉంటే లాభం లేదు. పక్కన తయారీదారు గుర్తు, తేదీ కూడా వెతుకు.

ఆ పరీక్షల్లో పగిలే పీడనం గురించే అందరూ గొప్పలు చెప్తారు. సన్న హోస్‌కి 7000 పీఎస్ఐ, అంటే 480 బార్ పైచిలుకు. మంచి హోస్ ఏదైనా అది దాటుతుంది. కార్లో గట్టిగా తొక్కినా సాధారణంగా దాని దరిదాపులకి కూడా పోము. నాకు ముఖ్యం అనిపించేది విప్ టెస్ట్. హోస్‌లో పీడనం ఉంచి, ఒక కొసని గుండ్రంగా తిప్పుతూ 35 గంటలు ఆడిస్తారు. చక్రం పైకీ కిందికీ, పక్కలకీ తిరుగుతుంటే హోస్ పడే బాధ అదే. అల్లిక హోస్ సాధారణంగా నడిమధ్యలో పోదు, ఫిట్టింగ్‌లోకి (కొసనున్న లోహపు బిగింపు) దూరే చోట వంగి వంగి అలసిపోయి పోతుంది. అందుకే అక్కడ స్ప్రింగో, గట్టి ప్లాస్టిక్ తొడుగో ఉందా అని చూడు. అది లేని హోస్ ఎంత మెరిసినా నేను రోడ్డు కారుకి వేయను.

రెండోది పై తొడుగు. అల్లిక బయటికి కనబడుతూ ఉండేవి ఫొటోకి బాగుంటాయి. ఇసుక, దుమ్ము ఆ తీగల సందుల్లోకి దూరి లోపలి గొట్టాన్ని కొద్దికొద్దిగా గీకేస్తాయి. పీవీసీ లేదా పాలియురెథేన్ తొడుగు ఉన్నదే తీసుకో. పారదర్శకమైనదైతే లోపల తీగ తెగినా కనబడుతుంది.

మూడోది ఫిట్టింగ్ ఎలా పట్టించారన్నది. ఫ్యాక్టరీలో యంత్రంతో నొక్కి బిగించినవి కావాలి. విప్పి మళ్లీ వాడుకునే స్క్రూ ఫిట్టింగులు రేస్ టీముల కోసం, వాళ్లు ప్రతిసారీ విప్పి చూసుకుంటారు.

ట్రాక్‌పిచ్చి
తొడుగు గురించి బోల్టునట్టు చెప్పిన దానికి ఇంకో వైపు కూడా ఉంది. తొడుగు లేని అల్లిక పక్కనున్న దేన్నైనా ఆకురాయిలా అరగదీస్తుంది. మా గుంపులో ఒకాయన కారుకి చక్రం ఏబీఎస్ సెన్సార్ వైరుని హోస్ కోసేసింది. డాష్‌బోర్డ్ మీద లైటు వెలిగేదాకా ఎవరికీ తెలియలేదు.

కొత్తక్లచ్
జర్మనీ టీయూవీ ఉన్నవి అమెరికా డాట్ కన్నా మెరుగా?

హైడ్రాలిక్ అక్క
పోలిక అలా కుదరదు. డాట్ ముద్ర హోస్ గురించి చెప్తుంది. జర్మనీ కాగితాల్లో ఫలానా హోస్‌ని ఫలానా కారు మోడల్‌కి వాడవచ్చు అని ఉంటుంది. అక్కడ ఆ కాగితం లేకుండా బ్రేక్ హోస్ మార్చితే కారు అనుమతే ప్రశ్నార్థకం అవుతుంది. మీరున్న దేశంలో తనిఖీకి ఏది అడుగుతారో అది ఉన్నదే కొనండి. ఏదీ అడగని చోట ఉంటే, నేనైతే కాగితం మీద కారు మోడల్ పేరు ఉన్నదానికే మొగ్గుతాను. పొడవు, కొసలు సరిపోతాయని ఎవరో ఒకరు చూశారన్నమాట.

బోల్టునట్టు
అక్క చెప్పిన పొడవు, కొసల సంగతే అసలు గండం. జపాన్ కార్లకి ఎక్కువగా ఎం10, 1.0 మరలు (10 మిల్లీమీటర్ల వ్యాసం, మరకీ మరకీ 1 మిల్లీమీటర్ దూరం), 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్. ఫ్లేర్ అంటే గొట్టం కొసన విప్పార్చిన అంచు. యూరప్ కార్లకి చాలావరకు బబుల్ ఫ్లేర్. రేస్ దుకాణాల్లో దొరికే ఏఎన్ రకం ఫిట్టింగుల్లో ఆ కోణం 37 డిగ్రీలు. 37 దాన్ని 45 దానికి కలిపితే బిగుస్తుంది, మొదట్లో లీక్ కూడా అవకపోవచ్చు. అది సరైన పట్టు అనుకుంటే మాత్రం మోసపోయినట్టే. అడాప్టర్లు పెట్టి అతికించే సెట్ కన్నా నేరుగా నీ కారుకి చేసిన సెట్ నయం. ఒక్కో అడాప్టర్ ఇంకో లీక్ చోటు.

రబ్బరువాది
కంపెనీ రబ్బరు హోస్‌కి ఈ గొడవలేవీ లేవు. ఊరికే గుర్తు చేస్తున్నా.

గేర్లమారి
మీ హ్యాండిల్ చూసే అర్థమైంది సార్.

నీలిరంగు_హ్యాచ్
కారు కిందికి దించి ఉందా, మామూలు ఎత్తేనా? సస్పెన్షన్ మార్చి ఉంటే హోస్ పొడవు మళ్లీ చూసుకోవాలి.

రెండుసీట్లోడు
మామూలు ఎత్తే. పానా_పట్టు అన్న చెప్పినట్టు వెనక కాలిపర్లు సర్దించాను. పెడల్ మొదట్లో ఊరికే దిగడం దాదాపు పోయింది! గట్టిగా తొక్కితే మెత్తదనం ఇంకా ఉంది. వరసగా కొట్టినా ఎత్తు మారడం లేదు. క్లాంప్ పరీక్షలో ముందు రెండూ వదిలినప్పుడే పెడల్ మెత్తబడింది. ఆ కాలిపర్ల దగ్గర ఇంకోసారి గాలి తీయిస్తే బుడగ ఒక్కటీ రాలేదు. కాబట్టి హోస్‌లు మార్చడం ఖాయం. తొడుగు ఉన్న, డాట్ ముద్ర ఉన్న, నా మోడల్‌కే చేసిన సెట్ ఒకటి చూసి పెట్టుకున్నా. ఫిట్టింగ్ దగ్గర ప్లాస్టిక్ తొడుగు కూడా ఉంది. బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

పానా_పట్టు
బాగు. వేళ్లకి పని చెప్పు ఇక.

పాత ఇనుప గొట్టం మీది నట్లు మొండికేస్తాయి. ముందు రోజే తుప్పు నూనె కొట్టి ఉంచు. మామూలు పానా పెడితే నట్ మూలలు గుండ్రమైపోతాయి, ఫ్లేర్ నట్ పానానే వాడు. నట్‌తో పాటు ఇనుప గొట్టం మెలి తిరుగుతుంటే ఆపెయ్, లేకపోతే అది కూడా మార్చాల్సి వస్తుంది. తీసేముందు పెడల్‌ని కొంచెం నొక్కి, కర్ర ముక్కతో అలాగే నిలబెట్టు. మాస్టర్‌లో దారి మూసుకుని రిజర్వాయర్ (ఆయిల్ ఉండే డబ్బా) మొత్తం కారిపోకుండా ఉంటుంది. బ్రేక్ లైట్లు వెలుగుతూ ఉంటాయి, బ్యాటరీ వైరు తీసెయ్. కారిన ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు.

బాంజో బోల్ట్‌కి (హోస్ కొసని కాలిపర్‌కి పట్టించేది) రెండు వైపులా రాగి వాషర్లు కొత్తవే వెయ్యి. ఎంత బిగించాలో నీ కారు మాన్యువల్లో ఉంటుంది, టార్క్ రెంచ్‌తోనే బిగించు. బోల్ట్ బిగిసేటప్పుడు హోస్ కూడా తిరిగి మెలి పడుతుంది, అక్కడ జాగ్రత్త. హోస్ మీద రాసిన అక్షరాలు వరసగా, తిన్నగా కనబడుతున్నాయంటే మెలి లేనట్టే.

మౌనవీక్షకురాలు
మధ్యలో ఉండే బ్రాకెట్, రబ్బరు గ్రోమెట్ కూడా చెప్పండి. నా సెట్‌లో అవి రాలేదు, వర్క్‌షాప్ వాళ్లు ప్లాస్టిక్ టై కట్టి పంపించారు.

పానా_పట్టు
అది పద్ధతి కాదమ్మా, మార్పించు. హోస్‌ని కంపెనీ ఎక్కడ పట్టి ఉంచిందో అక్కడే పట్టి ఉంచాలి. టై జారితే హోస్ నేరుగా టైరుకి తగులుతుంది. బిగించాక చక్రం లేకుండా జాకీ మీద ఉండగా, సస్పెన్షన్ పూర్తిగా వేలాడుతున్నప్పుడు స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి చూడు. హోస్ ఎక్కడా బిగుసుకోకూడదు, ఎక్కడా రాసుకోకూడదు. తర్వాత కింద ఇంకో జాకీ పెట్టి సస్పెన్షన్ పైకి లేపి మళ్లీ అదే పని. ఆఖరికి చక్రం వేసి ఇంకోసారి.

ట్రాక్‌పిచ్చి
గాలి తీయడం అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా తొక్కిపట్టమని ఒకరికి చెప్పి, టార్చి పెట్టి ప్రతి జాయింటూ చూడు. పొడి టిష్యూ పేపరుతో తుడిస్తే చెమ్మ వెంటనే తెలుస్తుంది. మొదటి డ్రైవ్ ఖాళీ చోట, మెల్లగా. ఆ తర్వాత మళ్లీ చూడు.

కొత్తక్లచ్
ఏబీఎస్ ఉంటే గాలి తీయడానికి, కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ తప్పనిసరా?

హైడ్రాలిక్ అక్క
ఏబీఎస్ యూనిట్ లోపలికి గాలి పోనంతవరకు మామూలు పద్ధతి చాలావాటికి సరిపోతుంది. రిజర్వాయర్ ఎండిపోతే, లోపల గాలి చిక్కితే కొన్ని కార్లకి స్కానర్‌తో పంపు తిప్పించాలి. అందుకే పానా_పట్టు గారి కర్ర ముక్క. రిజర్వాయర్ మీద కన్నేసి ఉంచండి.

రబ్బరువాది
ఒక మాట ఒప్పుకుంటా, ఈ చర్చలో ఎవరూ "ఒకసారి వేస్తే జీవితాంతం" అనలేదు. చాలాచోట్ల అంటారు.

బోల్టునట్టు
అనకూడదు కూడా. ప్రతి టైరు మార్పుకీ, ప్రతి ట్రాక్ రోజు ముందూ ఫిట్టింగ్ దగ్గర చూడాలి. తొడుగు చిరిగిందా, లోపల తీగ పైకి లేచిందా. తీగ లేచిన హోస్‌ని వేలితో తడమొద్దు, సూదిలా గుచ్చుకుంటుంది. ఒక్క తీగ తెగినా ఆ హోస్ వదిలెయ్.

రెండుసీట్లోడు
అందరికీ థాంక్స్. సెట్ ఆర్డర్ పెట్టేశా, నలుపు రంగు. గేర్లమారి అన్న క్షమించాలి. అదే కంపెనీ క్లచ్ హోస్ కూడా అమ్ముతోంది, అది కూడా కలిపేయనా?

గేర్లమారి
నలుపా. ఐదు హార్స్‌పవర్ పోయాయి.

పానా_పట్టు
క్లచ్ హోస్‌కి తొందరేం లేదు. నీ కారులో ముందు పోయేది క్లచ్ స్లేవ్ సిలిండర్, అంటే ఆయిల్ పీడనంతో క్లచ్‌ని కదిలించేది. దాని రబ్బరు మూత పక్కకి తీసి చూడు, లోపల తడిగా ఉంటే రెండూ ఒకేసారి మార్చు. పొడిగా ఉంటే అలాగే వదిలెయ్.